మేస్త్రమ్మ తొక్కిన బ్రేకు

మేస్త్రి గారి మొదటి ఘనకార్యం ఫైరింజను. లోపల పిల్లులు కాపురం పెట్టిన బండి అది. పెద్ద ఇంజనీర్లు ఇద్దరొచ్చి పెదవి విరిచి వెళ్లిపోతే, ఇరవై రెండేళ్ల కుర్రాడు పదిహేడు రోజులు దాని కింద పడుకుని లేపి నిలబెట్టాడు. గంట మోగిస్తూ రోడ్డెక్కిన రోజు పిల్లా పెద్దా వెంట పరుగెత్తారు. గొట్టం సరిగ్గా బిగించని వాడెవడో గానీ, చూడ్డానికొచ్చిన అధికారి గారు నిలువునా తడిశారు. అందులో మేస్త్రి తప్పు ఆవగింజంత కూడా లేదు.

ఆ తర్వాత బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు. ఆయన చెయ్యి పడిన బస్సుకి బ్రేకు పడలేదన్న మాట ఒక్కనాడూ వినబడలేదు. డిపో వాళ్లిచ్చిన ఇత్తడి స్పానరు ఇప్పటికీ హాల్లో గోడకు వేలాడుతూ ఉంటుంది. ఆసుపత్రి అంబులెన్సు ఇంజను, బడి వ్యాను ఇంజను, ఆఖరికి బొమ్మల రైలు కూడా ఆయన చేతిలో ప్రాణం పోసుకున్నవే. ఇంతటి వాడికి సొంత కారు బ్రేకు మాత్రం లొంగలేదు.

గుండ్రటి దీపాల పాత కారు, మేస్త్రి కన్నా రెండేళ్లే చిన్నది. పెడలు తొక్కితే బ్రేకు ఆయిల్ని నాలుగు చక్రాలకూ తోసే మాస్టర్ సిలిండరు దానికో తీరని జబ్బు. చుక్క చుక్కగా కారి కాళ్ల కింద రంగంతా తినేసింది. పదకొండేళ్ల క్రితం ఆసుపత్రి వాలులో పెడలు అట్టడుగుకు పోయింది. కారు తాపీగా దిగి, వీధి చివర పరుపుల కొట్టులోకి దూరి, ఏడు పరుపుల మధ్య ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. పక్క సీట్లో ఉన్న ఆయన భార్య మేస్త్రమ్మ మాత్రం జుట్టునిండా దూదితో దిగి, "ఇంక ఈ కారు కదులుతుండగా నేను అందులో ఉండను" అని ఒట్టు పెట్టుకుంది.

అప్పటినుంచీ అక్కగారి ఊరికి ఆవిడ బస్సులో వెళ్తుంది. మేస్త్రి ఊరుకుంటాడా? ఖాళీ కారేసుకుని బస్సు వెనకాలే పోతాడు. బస్సాగిన చోటల్లా తనూ ఆగి కిటికీలోంచి సోడా అందిస్తాడు. "మీ వెనకాల పోలీసులు పడ్డారా అమ్మా?" అని కండక్టరు అడిగితే, "కాదు బాబూ, మా ఆయన" అని ఆవిడ నిట్టూర్చేది. భార్యను ఒక్కసారి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని అక్కగారి గుమ్మంలో దిగాలని మేస్త్రి కోరిక. ఆ ఒక్కటీ కుదరనంత కాలం గోడ మీది స్పానరు ఆయన్ని వెక్కిరిస్తున్నట్టే ఉండేది.

మళ్లీ ప్రయాణం దగ్గర పడింది. విడిభాగాల కొట్టు నడిపే బావమరిది, సిలిండర్లో ఆయిలు కారకుండా ఆపే కొత్త రబ్బర్ల ప్యాకెట్లు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏం బావా, మళ్లీనా? పిల్లలు కూడా ఇన్నిసార్లు బూట్లు మార్చరు."

"నీ సరుకు నాసిరకం రా. నా పనికి వంక పెట్టకు."

"అదే సరుకు ఊరంతా వాడుతోంది. నీ దగ్గరికి రాగానే దానికి జబ్బు చేస్తోంది."

మేస్త్రి పట్టించుకోలేదు. ఆయన షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది: ఇనుమైనా రబ్బరైనా రోజంతా కిరసనాయిల్లో నానితేనే బండిలోకి అడుగుపెట్టాలి. ఒక ప్యాకెట్టు విప్పి అలాగే నానబెట్టి, మర్నాడు బిగించాడు. ఇక బ్రేకు గొట్టాల్లో చిక్కుకున్న గాలి తియ్యాలి. చక్రం దగ్గర మర వదులు చేసేవాళ్లొకరు, పెడలు తొక్కేవాళ్లొకరు ఉండాలి. బావమరిదికి నడుం పట్టేసింది.

"కాస్త వచ్చి కూర్చోవే. కారు దిమ్మల మీదుంది, కదల్దు."

"కదలందాన్లో కూర్చోడానికి నాకేం భయం? మంచం లాంటిదేగా."

ఆవిడ కొంగు దోపుకుని ఎక్కింది. "తొక్కు... పట్టుకో... వదులు" అని కింద నుంచి కేకలు. కాసేపటికి పైనుంచి చల్లగా ఒక మాట వచ్చింది.

"ఏవండీ, నేను తొక్కి పట్టుకునే ఉన్నాను. కాలు మాత్రం దానంతటది కిందికి పోతోంది."

"మరీ అంత బలంగా తొక్కకు."

"ప్రాణం మీదికొస్తే మెల్లగా తొక్కుతామా?"

మేస్త్రి సిలిండరు మళ్లీ విప్పాడు. ఆవిడ దిగొచ్చి, తీసిన రబ్బరు పక్కన రెండో ప్యాకెట్టులోని కొత్తదాన్ని పెట్టి చూసింది. తీసినది పూరీలా ఉబ్బి ఉంది.

"వీటికేం పెట్టారు మీరు?"

"స్నానం చేయించాను."

"దేంతో?"

"కిరసనాయిలు."

"నా కొత్త కుక్కర్ రబ్బరు మెత్తబడాలని మీరు గ్రీజు రాసిచ్చారు, గుర్తుందా? మర్నాటికి మూతలో పట్టలేదు. ఇదీ అదే వాలకం!"

మేస్త్రి మొహం మాడిపోయింది. బావమరిదికి ఫోను చేస్తే అవతలినుంచి ముందు నవ్వు, తర్వాత మాట వినిపించాయి. "ప్యాకెట్టు మీదే రాసుంది కదా బావా, మామూలు నూనెలు తగలనివ్వొద్దని! నువ్వెప్పుడు చదివావు గనక?"

డిపో బస్సులవి గాలి బ్రేకులు. అక్కడ ఈ ఆయిలు గొడవే లేదు. ముప్పై ఒక్క ఏళ్ల పేరు నిజమైనదే, కానీ ఈ ఒక్క పాఠం ఆ బడిలో చెప్పలేదు.

పాత ఆయిలంతా పారబోశాడు. చక్రాల్లోని రబ్బర్లూ మార్చాడు, గొట్టాలు కడిగాడు. ఈసారి కిరసనాయిలు డబ్బా షెడ్డు బయట, రబ్బర్లకి కొత్త బ్రేకు ఆయిలుతోనే అభ్యంగనం. మేస్త్రమ్మ మళ్లీ ఎక్కి, పెడలు తొక్కిపట్టి వంద లెక్కపెట్టింది. కాలు వెంట్రుకవాసి దిగలేదు. నమ్మకం చాలక ఇంకో వంద లెక్కపెట్టింది.

తర్వాత మేస్త్రి ఒక్కడే ఆసుపత్రి వాలులో పదిసార్లు దిగి పదిసార్లూ ఆపాడు. మొదటిసారికే పరుపుల కొట్టాయన సరుకంతా లోపలికి లాగేసుకున్నాడు. పదకొండోసారి వాలు మీద మేస్త్రమ్మ చెయ్యెత్తి కారాపింది. పక్క సీటు తలుపు తీసి, తలకి గట్టిగా గుడ్డ చుట్టుకుని కూర్చుంది.

"దూది పడినా జుట్టుకంటదు. పోనివ్వండి."

కారు పరుపుల కొట్టుకి మూడు గజాల ఇవతల బుద్ధిగా ఆగింది. ఆవిడ గుడ్డ విప్పేసి, "మా అక్కకి ఫోను చెయ్యండి, బస్సుకి ఎదురురావద్దని" అంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. షెడ్డు తలుపు మీద మేస్త్రి సుద్దతో 'జూన్ పన్నెండున వస్తాను' అని రాశాడు. తాళం వేసేటప్పుడు మేస్త్రమ్మ దాన్ని చేత్తో తుడిచేసింది. దారిలో చూడాల్సినవి పదకొండేళ్లవి పేరుకుపోయాయట. గుండ్రటి అక్షరాలతో తనే రాసింది: 'జూన్ పంతొమ్మిదిన వస్తాం.'