పటిక పూయని చోట పిట్ట

దయ్యాల కథలు చెబితే నవ్వేదాన్ని నేను. ఇప్పటికీ అంతే. అయినా పిల్లలూ, దూరాన ఉన్నారు కాబట్టి రాసి చెబుతున్నాను, నా కళ్లతో చూసింది ఒకటుంది. భయపెట్టేది కాదులెండి.

అప్పటికింకా తెల్లదొరల పాలన. మా నాయన బందరు రేవులో అద్దకం పనివాడు. ఆయన అద్దిన దుప్పట్లు ఓడలెక్కి పోయేవి. జ్వరంతో ఆయన పోయాక మా అమ్మ, అంటే మీ ముత్తవ్వ, నన్ను తీసుకుని తర్లుపాడులో తమ్ముడింటికి వచ్చింది. ఆమెకు తెలిసిన పని అద్దకమొక్కటే. ఇక్కడి నీళ్లలో రంగు పట్టకపోతే బడిపలకల రాయి తవ్వే గనికి కూలికి పోవాల్సిందే.

మామ మగ్గం నేసేవాడు. ఎగతాళి మనిషి.

"అక్కా, ఈ వాగు నీళ్లలో గొర్రెలు గూడ మూతి పెట్టవు. దీంట్లో నీ బందరు ఎరుపు ఏడ నిలుస్తది?"

"నేనేమన్నా తాగబోతానా ఏంది? ఉడకేస్తా," అన్నది అమ్మ.

ఆ పని తీరు చెప్పాలి మీకు. బట్టను కరక్కాయ రసంలో, బర్రెపాలలో ముంచి ఆరబెడతాం. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూస్తాం. తర్వాత ఎర్రరంగు దిగే చిరివేరు వేసి ఉడకబెడితే, పటిక పూసిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతాదంతా ఉతికి ఎండేస్తే తెల్లబడుతుంది.

ఇక్కడ మొదట ఉడకేసిన బట్ట కొత్తది. నాయన పోయిన తర్వాత మామ నేసింది. మగ్గం మీంచి కోసి తెచ్చింది నేను. పరీక్షకని ఒక మూల అరచేయంత పటిక పూసిందీ నేనే. ఇంకెవరూ దాన్ని ముట్టలేదు.

ఉడికాక మిట్టమధ్యాహ్నం వాగులో జాడించాం. నేను పూసిన మూల చక్కగా ఎర్రబడింది. బట్ట నడుమ ఇంకో ఎరుపు తేలింది. పిట్ట. ముక్కుతో రెక్క గోక్కుంటోంది. తోకలో ఒక ఈక వంకర. నాయన గీసే పిట్టే అది. ఆ వంకర ఈక కోసం అమ్మ ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడిందో.

అమ్మ ఈకను వేలితో గట్టిగా రుద్దింది. రంగు వేలికి అంటలేదు. చిన్నగా నవ్వి మామ వైపు తిరిగింది.

"నీళ్లు మంచియ్యే తమ్ముడూ. మీ బావ చూసి పోయినాడు."



ఆ నీళ్లతోనే అమ్మ నన్ను పెంచి పెళ్లి చేసింది. నాకూ ఆ పని అబ్బింది. ఎన్ని బట్టలు ఉడకబెట్టినా, పటిక తగలని చోట ఎరుపు నిలవడం మళ్లీ చూడలేదు. ముందే ఏదో అంటి ఉంటుందిలే అంటారేమో. అంటి ఉండొచ్చు. అంటింది పిట్టలా ఎందుకు అంటిందో మాత్రం ఈనాటికీ చెప్పలేను.

అదెలా వచ్చిందని అమ్మ ఎవరినీ అడగలేదు. ఆ గుడ్డను తలగడకు చుట్టుకుని, ఉన్నన్నాళ్లూ హాయిగా నిద్రపోయింది.