రాజ్యలక్ష్మి కాదన్న రోజు

కొత్తపేట పక్క ఊళ్ళో రాజ్యలక్ష్మి చేతి పూతరేకులు కావాలంటే పెళ్ళివారు నెల ముందే చెప్పుకోవాలి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఇలా పరిచి అలా లాగడం, అంతే, రేకు చేతికొస్తుంది. గ్యాసు మీదా చేసి చూసింది. ఓ పక్క మాడింది, ఓ పక్క చిరిగింది. ఆకు మంటకే కుండంతా సమంగా కాగుతుందని ఆవిడ ముప్పై ఏళ్ళ అనుభవం.

అంతటి మనిషి తన పొయ్యి తనే ఆర్పుకోబోయింది. చోద్యం కాకపోతే ఏమిటి!

మొన్న వేసవిలో పంచాయతీ కార్యదర్శి శిరీష కాగితాలతో ఇల్లిల్లూ తిరిగింది.

"గ్రీన్‌హౌస్ వాయువులు తగ్గించాలని ఊళ్ళో ఆకూ చెత్తా తగలబెట్టడం మాన్పిద్దామనుకుంటున్నామండీ. మీ అభిప్రాయం?"

మిట్టమధ్యాహ్నం గుమ్మంలోకొచ్చిన పిల్లకి కాదని చెప్పడం మా కోనసీమలో ఎవరికి చేతనవును? "ఆయ్, అలాగేనండీ, ముందు మజ్జిగ పుచ్చుకోండి" అంటూ వీధి వీధంతా సంతకాలు పెట్టేసింది. రాజ్యలక్ష్మికి పొయ్యి గుర్తొచ్చింది గానీ నోరు రాలేదు. ఆవిడా పెట్టేసింది.

గ్రామసభలో శిరీష మురిసిపోతూ చదివింది. "నూటికి నూరుమందీ ఒప్పుకున్నారండీ! సోమవారం నుంచి ఊళ్ళో ఆకు మంట ఉండదు."

రేకులు లేకపోతే ఇల్లెలా గడుస్తుంది? రాజ్యలక్ష్మి లేచి నిలబడింది.

"ఏమీ అనుకోకండమ్మా. ఆవేళ మొహమాటానికి ఔనన్నాను. నాకిష్టం లేదండీ. కాలవగట్టు మీద కుప్పలు ఊరికే తగలెడతన్నారు, అవి ఆపండి, మీకు దణ్ణం పెడతాను. ఆ పొగకే మావారికి దగ్గు. అదే ఆకు నా పొయ్యిలోకొస్తే నలుగురు తినే రేకవుద్ది కదండీ."

"ఆయ్, మాదీ అదే మాటండీ!" అంటూ నలభై గొంతులు లేచాయి. అప్పటిదాకా ఎక్కడ దాక్కున్నాయో మరి!

శిరీష బిక్కమొహం వేసింది, ఆ వెంటనే నవ్వేసింది. కాగితం కొట్టేసి అక్కడే కొత్తది రాసింది. కుప్పలు తగలబెట్టడం బంద్. పంచాయతీ ట్రాక్టరు ఎండాకుని రేకుల పొయ్యిల దగ్గర దింపుతుంది, మిగతాది ఎరువు గుంతలోకి పోతుంది.

ఇప్పుడు కాలవగట్టు మీద పొగ లేదు. రాజ్యలక్ష్మి ఆకు కోసం తోటలెంట తిరగక్కర్లేదు, మొగుడి దగ్గూ తగ్గింది. ప్రాణం హాయిగా ఉందని ఆవిడే అంటుంది.

నిన్న శిరీష మళ్ళీ వచ్చింది. వీధికి సోలార్ దీపాలు పెడితే ఎలా ఉంటుందని అడిగి, "ఈసారి మొహమాటపడకండి" అని ముందే చెప్పింది.

"ఆలోచించి, అవసరమైతే కాదనే అంటానండీ," అంది రాజ్యలక్ష్మి గ్లాసు అందిస్తూ. "మజ్జిగ మాత్రం మీరు కాదనకూడదు."