వెనక చక్రం మోసే బరువు

షెఫీల్డులో ఉన్నప్పుడు నాకు సైకిలు చక్రాలు కట్టే పిచ్చి పట్టింది. మామూలు రోజుల్లో హాస్పిటల్ ల్యాబులో ఉద్యోగం, శనివారాలు పాత సైకిళ్లు బాగుచేసే వాలంటీర్ల షెడ్డులో కాలక్షేపం. రిమ్ము ఎంచేముందు అడగాల్సింది ఒక్కటే, ఎక్కే మనిషి బరువెంత అని. రంగులూ కంపెనీల కబుర్లూ ఆ తర్వాతే. ఈ మాట అడగడానికి నాకెప్పుడూ నోరు తడబడలేదు, ఎదుట ఉన్నది తెల్లవాళ్లయినంత కాలం.

అంకుల్ దగ్గర తడబడింది. ఆయన ఆదివారం తెలుగు ప్రార్థనలో పరిచయం. గుంటూరు వైపు మనిషి, ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో పని. ఆ చలికాలం ఆంటీ మంచు మీద జారిపడి, తుంటికి ఆపరేషనై వార్డులో ఉన్నారు. అక్కడి భోజనం ఆవిడకు సయించేది కాదు. అంకుల్ షిఫ్టు దిగి ఇంటికెళ్లి, పప్పన్నం క్యారేజీ సైకిలుకు తగిలించుకుని, కొండెక్కి వెళ్లి తినిపించి వచ్చేవారు. రెండు బస్సులు మారితే విజిటింగ్ టైము దాటిపోతుంది. వెనక చక్రం పాడైందంటే నేను కడతానన్నాను.

అంత పెద్దాయన్ని పట్టుకుని మీ బరువెంతని ఎలా అడుగుతాం? ఓసారి ఎగాదిగా చూసి ఎనభై కిలోలు వేసుకున్నాను. నా కళ్లకు అంతకంటే ఎక్కువే కనబడింది గానీ మర్యాదకొద్దీ తగ్గించాను. ముప్పై రెండు చువ్వల తేలికపాటి రిమ్ము ఎంచాను. చక్రం ముచ్చటగా వచ్చింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మూడో వారం, శనివారం పొద్దున అంకుల్ సైకిలు తోసుకుంటూ షెడ్డుకొచ్చారు. చువ్వలు దిగే చిల్లుల దగ్గర రిమ్ము చీలిపోయి ఉంది.

"నిన్న సగం కొండలో ఆగిపోయిందమ్మా. టైము దాటిపోయింది, ఇంటికి తోసుకొచ్చా."

"మరి ఆంటీ?"

"ఆ కూడు దిగదు కదా. పస్తు పడుకుంది."

తర్వాత కౌన్సిల్‌వాళ్లను, రోడ్డు మీది గుంతలను తిట్టారు. నా చక్రాన్ని ఒక్క మాట అనలేదు. నాకు సిగ్గేసింది. అప్పుడడిగాను, మీ బరువెంతని.

"నూట మూడు," అన్నారు తడుముకోకుండా. "క్యారేజీ కాక."

ఈసారి ముప్పై ఆరు చువ్వలది, గోడలు మందంగా ఉన్న రిమ్ము తీశాను. బరువు, చూడ్డానికి మోటు. చువ్వల లెక్క మారింది కనుక వాటిని పట్టి ఉంచే నడిమి హబ్బు కూడా మార్చాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి కట్టి ఇచ్చాను.

సాయంత్రం బస్సులో నేనూ వార్డుకు వెళ్లాను. నేను చేరేసరికే అంకుల్ ముద్దలు కలిపి పెడుతున్నారు. మొహమాటపడి తప్పు రిమ్ము వేశాననీ, నా వల్లే నిన్న ఆవిడకు అన్నం లేకపోయిందనీ చెప్పేశాను.

ఆంటీ నోట్లో ముద్ద మింగి నావైపు చూశారు.

"కూడు సయించక కాదమ్మాయ్. నిన్న ఆకలికి అదైనా తిందామనే అనుకున్నా. ఫోను చేస్తే ఎత్తరు, అది ఇంట్లో మర్చిపోయారంట. ఏ కారు కిందో పడ్డారనుకున్నా. నర్సు ప్లేటు తెచ్చి ముందు పెట్టింది. ముద్ద ఎట్టా దిగుద్ది?"