బొట్టు పెట్టి అడిగిన ఓట్లు

పోయిన మంగళవారం పొద్దున, నేనెక్కిన రైలు అరక్కోణం దాటుతుండగా ఫోనొచ్చింది, మా పెద్దమ్మ పోయిందని. ఎక్కడికో బయల్దేరి, గడపలో చెప్పులు తొడుక్కుంటూ అక్కడే కూలబడిపోయిందట. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆయనకు తెలిసింది ఆయన చెప్పాడు. డెబ్బై దాటిన మనిషి ఆ ఎండలో ఎక్కడికి బయల్దేరిందో, ఎవరి మూలంగా బయల్దేరిందో నాకు తెలుసు. అది మీకు చెప్తే తప్ప నా కడుపుమంట చల్లారదు.

తమిళనాడులో అత్తిమంజేరిపేట దగ్గర మా ఊరి బడిలో ఆమె ఆయాగా పనిచేసింది. మా అమ్మ నన్ను తమిళ సెక్షన్‌లో వేయబోతే, ఈమె వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తెలుగు టీచరు ముందు కూర్చోబెట్టింది. "అరవం వీధిలోనే వచ్చేస్తాది. తెలుగు యాడొస్తాది?" అనింది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే అందుకే. ఆమె కొంగున ఎప్పుడూ కాసిని వేయించిన వేరుశనక్కాయలు ముడివేసి ఉండేవి. ఏడ్చే పిల్లల చేతిలో రెండు పెట్టి, తినేదాకా పక్కనే కూర్చునేది. "కాయ వొలస్తా ఏడ్చేదానికి ఎవురికీ చాతగాదు" అనేది.

ఆ టీచరు రిటైరై ఏళ్ళవుతున్నా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఓట్లకు వచ్చిన పెద్ద పార్టీలవాళ్ళందరినీ పెద్దమ్మ అడిగింది. దండం పెట్టి వెళ్ళిపోయారు. ఈసారి ఒక చిన్న పార్టీవాళ్ళు వచ్చారు. మా ఊళ్ళో జెండా స్తంభం కూడా లేని పార్టీ. వాళ్ళ అభ్యర్థి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, గెలిచినా ఓడినా టీచరును తెప్పించే పూచీ తనదన్నాడు. ఆ మాట చాలింది ఆమెకు.

మా వైపు పెళ్ళికి పిలవాలంటే పత్రిక ఇస్తే చాలదు. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పిలవాలి. బొట్టు పెట్టించుకున్నవాళ్ళు రాకుండా ఉండరు, పెట్టినవాళ్ళు మాట తప్పరు. ఓట్లు కూడా అలాగే అడగాలని పెద్దమ్మ పట్టుబట్టింది. పెదనాన్న పోయి చాలాకాలమైంది కాబట్టి తను పెట్టదు. అందుకని తిరుత్తణిలో ఉన్న నన్ను ప్రతి ఆదివారం రప్పించుకుంది. "నువ్వు పెట్టు, నేను పిలస్తా" అనింది. కుంకుమ భరిణె నా చేతిలో, పిలుపు ఆమె నోట. క్రైస్తవుల ఇళ్ళలో బొట్టు బదులు వక్కా ఆకూ ఇచ్చాం. నాలుగు ఊళ్ళు తిరిగాం. మంచం దిగలేని ముసలివాళ్ళు కూడా నుదురు ముందుకు వంచారు.

నామినేషన్లు వాపసు తీసుకునే చివరి రోజు, ఆ పార్టీ నాయకుడు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని పెద్ద పార్టీతో చేతులు కలిపాడు. మజ్జిగ తాగిన అభ్యర్థి వెళ్ళి సంతకం పెట్టి తప్పుకున్నాడు. పెద్దమ్మకు ఒక్కడంటే ఒక్కడు ఫోన్ చేయలేదు. నిన్నటిదాకా చిన్న పార్టీ పాట వేసుకుని తిరిగిన ఆటో, పెద్ద పార్టీ జెండా కట్టుకుని వీధిలోకి వస్తే, అది చూసి తెలుసుకుంది. సిగ్గూ శరమూ లేని మనుషులు. కనీసం ఆటోనైనా మార్చలేదు.

ఆమె మళ్ళీ ఇంటింటికీ బయల్దేరింది, పిలిచిన పిలుపు వాపసు తీసుకోవడానికి. నన్నూ రమ్మంది. ఆఫీసులో లీవు ఇవ్వరన్నాను. అబద్ధం. ఆ ఇళ్ళ ముందు నిలబడటానికి నాకు మొహం చెల్లలేదు. పైగా, "అందరికీ ఫోన్లో మెసేజ్ పెట్టేస్తే పాయె గదా పెద్దమ్మా" అన్నాను.

"బొట్టు ఫోన్లోనేనా పెట్టినావు?" అని అడిగింది.

ఒక్కతే తిరిగింది. ప్రతి గడప ముందూ నిలబడి, "నేను పిలిచింది తప్పయిపోయింది తల్లీ, ఆ మాట ఇడిచిపెట్టండి" అని చెప్పేదట. చాలామంది కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. ఒకామె మాత్రం "నీకు తెలీకుండానే జరిగిందా ఇదంతా?" అనిందట. ఆ పూట పెద్దమ్మ అన్నం ముట్టలేదని పక్కింటావిడ చెప్పింది. అన్ని ఊళ్ళూ అయిపోయి ఒక్క వీధి మిగిలింది. మంగళవారం బయల్దేరింది ఆ వీధికే.

ఇంకా పాడె కట్టకముందే ఆ పార్టీవాళ్ళు దిగారు. పెద్దమ్మ ఫోటోతో ఫ్లెక్సు తెచ్చారు. అందులో నాయకుడి మొహం ఆమె మొహానికి నాలుగింతలుంది. మడత విప్పి ఆమె మీద జెండా కప్పబోతే నేను అడ్డం నిలబడ్డాను.

"కూటణి ధర్మం అని ఒకటుండాది గదమ్మా" అన్నాడు వాళ్ళ జిల్లా కార్యదర్శి, ఎంతో శాంతంగా. పొత్తు ధర్మమట.

"ఆ ధర్మం ఈమెకెందుకు చెప్పలేదు? ఈమె ఎండలో గడప గడపా తిరగతా ఉంటే మీరు యాడికి పోయినారు?"

"అక్క మా పార్టీకి అమ్మ మాదిరి..."

"జెండా మడిచి పెట్టుకోండి. మా పెద్దమ్మకు మా ఇంటి చీర ఉండాది."

మడిచారు. పోతూ పోతూ ఫ్లెక్సు మాత్రం వీధి మొదట్లో కట్టిపోయారు. నా కోపం ఇప్పటికీ దిగలేదు. దిగాలని కూడా నాకు లేదు. వాళ్ళ మీద ఎంత ఉందో, లీవు లేదన్న నా నోటి మీదా అంతే ఉంది.

పోలింగు దగ్గరికొచ్చేసింది. కర్మలయ్యేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని నిన్న ఆ మిగిలిన వీధికి నేనే వెళ్ళాను. మైలలో ఉన్నదాన్ని కాబట్టి గడప ఎక్కకుండా, మొదటి ఇంటి ముందు వీధిలోనే నిలబడి పిలిచాను. నా ఈడు ఆమె తలుపు తీసింది. పెద్దమ్మ చెప్పాల్సిన మాట నేను చెప్పాను. పిలుపు వాపసు తీసుకుంటున్నామని, తప్పు మాదేనని. ఆమె అంతా వినింది. పెద్దమ్మ కోసం కళ్ళు తుడుచుకుంది.

"అది సరేక్కా. ఇప్పుడు మా బిడ్డకు తెలుగు ఎవురు చెప్తారు?" అనింది.

అడిగి, ఆమె తలుపు వేయలేదు. ఆమె మాట విని కాబోలు, ఎదురింట్లో గడియ తీసిన చప్పుడైంది. తర్వాత ఆ పక్కింట్లో. ఒక్కొక్క ఆడమనిషీ గుమ్మంలోకి వచ్చి, జవాబు కోసం నా వైపే చూస్తూ నిలబడింది.