కాలు తగిలినప్పుడల్లా

పందికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలా అక్కర్లేదా అన్న సందేహం ఇంకెవరికైనా వచ్చి ఉంటుందని నేననుకోను. నాకు పదమూడో ఏట వచ్చింది. అడగడానికి మనిషి లేక అలాగే ఉండిపోయింది.

ఇల్లినాయ్‌లో మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊరు మాది. ఎనభైల మొదట్లో ఆ ఊళ్ళో తెలుగువాళ్ళం మేం ముగ్గురమే. నాన్న అక్కడి ఆస్పత్రిలో డాక్టరు, అమ్మ ఇంట్లో, నేను బళ్ళో. నా క్లాసు పిల్లలందరూ కౌంటీ ఫెయిర్ కోసం, అంటే వేసవి చివర పశువుల పోటీలతో జరిగే జిల్లా తిరనాళ్ళ కోసం, ఏదో ఒక జంతువుని పెంచేవాళ్ళు. ఇక వాళ్ళ కబుర్లన్నీ వాటి గురించే. ఆ కబుర్లలో దూరడానికి నాకు దారి ఉండేది కాదు. నాన్న దగ్గర వైద్యం చేయించుకున్న ముసలి రైతు ఒకాయన ఆ సంగతి విని, తన కొట్టంలో ఒక పందిపిల్లని నాకు అప్పగించాడు. "స్కూల్ ప్రాజెక్ట్ కదా, చెయ్యనీ" అన్నారు నాన్న. అమ్మ మాత్రం, "ఆ బట్టలతో గరాజ్ దాటి లోపలికి అడుగుపెట్టావంటే చూడు" అంది. ఆ వేసవంతా గరాజ్‌లో బకెట్టు నీళ్ళు పోసుకున్నాకే నాకు గృహప్రవేశం.

ఫెయిర్‌లో పందులకి పోటీ వేరు, వాటిని నడిపే పిల్లలకి పోటీ వేరు. నాది రెండోది. చేతికర్రతో మెల్లగా తడుతూ పందిని బరిలో తిప్పాలి. జడ్జి ఎటు వెళ్ళినా ఆయనకీ మనకీ మధ్య పంది ఉండాలి, మన చూపు ఆయన మీద ఉండాలి. పెద్ద పిల్లలు నడుం సగానికి వంచేసి, జడ్జిని గుడ్లురిమి చూస్తూ, కుస్తీకి దిగినట్టు నడిచేవాళ్ళు. మా ముసలాయనకి ఆ వేషాలు గిట్టవు. "నిటారుగా నడు. తొందరపడకు. నువ్వున్నావన్న సంగతి మర్చిపోయి అందరూ పందిని చూడాలి" అనేవాడు. ఎవరికీ కనిపించకుండా నడవడం నాకు ఒకరు నేర్పాలా? బళ్ళో రోజూ చేస్తున్న పనే అది.

పంది మొరాయిస్తే మోకాలితో నెట్టి తిప్పమన్నాడు. అక్కడొచ్చింది చిక్కు. మా ఇంట్లో పుస్తకానికి కాలు తగిలినా, మనిషికి తగిలినా, తాకి కళ్ళకద్దుకోవాలి. మొదట్లో మా పందిగాడికి కాలు తగిలితే నాకేమీ అనిపించలేదు. జూలై వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే వాడి వీపు తాకి కళ్ళ దగ్గరికి వెళ్ళిపోయేది. అప్పటికి వాడు నాకు మనిషైపోయాడు మరి. ఇంటి బయట నేను తెలుగు మాట్లాడింది వాడొక్కడితోనే. "ఒరేయ్, ఇటు రారా" అంటే ఇటే వచ్చేవాడు. బళ్ళో ఒక్కదాన్నే కూర్చుని అన్నం తిన్న రోజుల గురించి అమ్మకి చెప్పలేదు, వాడికి చెప్పాను.

"ఊరికే చెయ్యి వెయ్యకు, మార్కులు పోతాయి" అని ముసలాయన విసుక్కునేవాడు. ఎందుకు వేస్తున్నానో ఆయనకి చెప్పడం నా చేతకాలేదు. కష్టపడి మానుకున్నాను.

ఫెయిర్ అయిపోగానే పందులన్నీ కబేళా లారీ ఎక్కుతాయి. ఆ సంగతి మొదటి రోజే చెప్పారు, తెలిసే పెంచాను. నేను కోరుకున్నది ఒక్కటే. వాడు వెళ్ళిపోయేలోగా మా ఇంట్లోవాళ్ళు ఒక్కరైనా వచ్చి వాణ్ణి చూడాలి. అమ్మ రానంది. నాన్న వస్తానన్నారు.

బరిలోకి దిగాక జడ్జిని చూడాల్సింది పోయి, జనంలో నాన్న కోసం వెతికాను. లేరు. ఆ కంగారులో నా మోకాలు వాడికి గట్టిగా తగిలింది. చెయ్యి వాడి వీపు మీదికి, అక్కణ్ణుంచి నా కళ్ళకి. మళ్ళీ తగిలింది, మళ్ళీ అదే పని. వేసవంతా నేర్చుకున్నది గంగలో కలిసింది.

జడ్జి మైకులో, "ఈ అమ్మాయి పంది అన్నిటికంటే నెమ్మదైనది. కానీ అమ్మాయ్, నువ్వు దాన్ని నిమరడానికి రాలేదు, నడపడానికి వచ్చావు" అన్నాడు. జనం నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, అయినా నాకు ఏడుపొచ్చింది. ఆఖరి స్థానం నాదే.

లారీ ఎక్కించే వేళకి వచ్చారు నాన్న, ఆస్పత్రి నుంచి అలాగే, మెడలో టైతో.

"సారీ తల్లీ, ఎమర్జెన్సీ కేసు వచ్చింది. ప్రైజ్ వచ్చిందా?"

"లేదు."

"పోన్లే."

లారీకి ఆనించిన చెక్క ముందు వాడు మొరాయించి నిలబడ్డాడు. వెనక వరసంతా ఆగిపోయింది. "మోకాలితో నెట్టండి నాన్నా, నా వల్ల కాదు" అన్నాను. నాన్న నెట్టారు. నెట్టీ నెట్టగానే వంగి, వాడి వీపు తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నారు. తర్వాత తన చేతిని తనే ఆశ్చర్యంగా చూసుకున్నారు. వాడు ఎక్కేశాడు. తలుపు వేసేశారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఎప్పట్లాగే గరాజ్‌లో ఒక బకెట్టు నీళ్ళు పెట్టి ఉంచింది. నాన్న గుమ్మం ఇవతలే ఆగి బూట్లు విప్పుతూ, "నాకూ ఒకటి పెట్టు. నేనూ ముట్టుకున్నాను" అన్నారు.