కారు తలుపు చప్పుడున్న క్యాసెట్

పోయిన నెల ఇక్కడ టెక్సస్‌లోనే, ఇర్వింగ్‌లో మా తోడికోడలి మనవడి అన్నప్రాసనకి వెళ్ళాను. భోజనాల దగ్గర నా ఎదుటి వరసలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు అన్నం కలుపుకోవడం కూడా మరిచిపోయి పాటల మీద వాదులాడుకుంటున్నారు. "ఈ రోజుల్లో రికార్డింగుల్లో లైఫ్ ఏదండీ? పిచ్ కూడా కంప్యూటరే కరెక్ట్ చేసేస్తోంది" అని ఒకాయన. "మీ పాత రికార్డుల్లో గరగర తప్ప ఏం వినపడేదండీ? ఈ పిల్లలు ఎంత బాగా పాడుతున్నారో ఒక్కసారి ఓపిగ్గా వినండి" అని రెండో ఆయన. నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్న మా తోడికోడలి చిన్న కూతురు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, "వాట్ హ్యాపెండ్ పెద్దమ్మా, ఎందుకు నవ్వుతున్నావ్?" అని అడిగింది. ఇవే మాటలు, ఇంతే కోపంతో, క్లీవ్‌లాండ్‌లో ఒక లైబ్రరీ కింది గదిలో, వేరే భాషలో, వేరే సంగీతం గురించి విన్నానని ఆ సందడిలో ఆ పిల్లకి ఎలా చెప్పను? ఆ రోజుల్లో ఈ దేశం వచ్చి, ఆసుపత్రుల్లోనో ఫ్యాక్టరీల్లోనో పనిచేసి రిటైరైన నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

అవి డెబ్భైల చివరి సంవత్సరాలు. మావారు ఒక ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు, నేను ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. మా ల్యాబుకి పెద్ద ఒక నల్లజాతి పెద్దాయన. రిటైరయ్యే వయసు దగ్గరపడినా ఇస్త్రీ చెదరని తెల్లకోటుతో, కొలిచినట్టు మాట్లాడుతూ, మమ్మల్నందరినీ చూపుతోనే నడిపించేవాడు. ఆయన బల్ల మీద చిన్న రేడియో ఒకటి రోజంతా సన్నగా పాడుతూ ఉండేది. అందులో వచ్చేది జాజ్ అని కూడా నాకప్పటికి తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే, ముందు అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు, తరవాత ఒక్కొక్కరే దాన్ని అందుకుని తమ మనసుకి తోచినట్టు పెంచుకుంటూ పోతారు, చివరికి మళ్ళీ అందరూ ఆ పాట దగ్గరికే వచ్చి కలుస్తారు. విజయనగరంలో వయొలిన్ నేర్చుకున్న మా మేనమామ పక్కన కూర్చుని తాళం వేస్తూ పెరిగిన దాన్ని కనుక నాకది బొత్తిగా కొత్తగా అనిపించలేదు. ఒకరోజు పరీక్షనాళికలు సర్దుతూ తెలియకుండానే బల్ల మీద తాళం వేస్తున్నాను. పెద్దాయన వచ్చి నా చేతినే చూస్తూ నిలబడ్డాడు. దరువు ఎక్కడ తప్పుతానా అని చూశాడేమో, పాట అయ్యేదాకా కదల్లేదు. ఆ తరవాత, శనివారం మధ్యాహ్నాలు ఏం చేస్తుంటావని అడిగాడు.

అలా నేను లైబ్రరీ కింది గదిలో జరిగే జాజ్ శ్రోతల సంఘంలో చేరాను. పది పన్నెండుమంది ఉండేవాళ్ళు, అందరూ నాకంటే పెద్దవాళ్ళు. మడతకుర్చీలు, చేదు కాఫీ, ఒక రికార్డు ప్లేయరు. ఒక రికార్డు పెట్టడం, కళ్ళు మూసుకుని వినడం, అది అయిపోగానే దెబ్బలాడుకోవడం. మొదట్లో వాళ్ళ ధోరణి చూసి నిజంగానే తగువులు పడుతున్నారని భయపడ్డాను. కాసేపటికి వాళ్ళే ఒకరి కప్పులో ఒకరు కాఫీ పోసుకుంటుంటే ధైర్యం వచ్చింది.

తగువంతా రెండు పక్షాల మధ్య. ఒక పక్షానికి మా పెద్దాయన నాయకుడు, సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. తన యవ్వనంలో వచ్చిన రికార్డుల తరవాత జాజ్ అయిపోయిందని ఆయన నమ్మకం. డిజిటల్ అన్న మాట రికార్డుల అట్టల మీద అప్పుడప్పుడే కనిపిస్తున్న కాలమది. ఆ కొత్త రికార్డులు ఆసుపత్రి దుప్పట్లలాంటివనేవాడు. ఎంత తెల్లగా ఉతికారంటే ఆ మంచం మీద మనిషెవరైనా పడుకున్నారో లేదో కూడా తెలియదట. కొత్తగా వాయిస్తున్న కుర్రవాళ్ళ గురించి అడిగితే, "వేళ్ళు పరిగెడతాయి. ఎక్కడికని అడిగితే వాళ్ళకే తెలియదు" అనేవాడు. రెండో పక్షం నాయకుడు హైస్కూల్లో చరిత్ర చెప్పే ఒక తెల్ల మాస్టారు. ఆయనకి కొత్త రికార్డుల స్వచ్ఛత అంటే ప్రాణం. "మీ పాత రికార్డుల్లో ఆ పెద్ద బాస్ ఫిడేలు వాయించేవాడు ఒకడున్నాడని నమ్ముకోవాలి తప్ప వినపడి చావడు" అని మాస్టారంటే గది గదంతా నవ్వేది, మా పెద్దాయన తప్ప. నేను ఏడాదిపాటు ఏ పక్షమూ చేరకుండా ఓ మూల కూర్చుని విన్నాను. ఇద్దరిదీ నిజమే అనిపించేది నాకు.

ఆ చలికాలంలోనే మా ల్యాబుకి ట్రైనింగుకని ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై దాటిన పిల్ల, ఆ ఊరి నల్లజాతి పేటలోనే పుట్టి పెరిగింది. పని చక్కగా చేసేది కాని మధ్యాహ్నం లంచ్ నుంచి మాత్రం రోజూ ఆలస్యంగా వచ్చేది, వచ్చి పెద్దాయన చేత చీవాట్లు తినేది. ఒకరోజు కారులో మరిచిపోయిన గొడుగు కోసం పార్కింగ్ గరాజు పై అంతస్తుకి వెళ్తే అక్కడ గాలిలో ఏదో వాద్యం. మొదట మా ఊరి సన్నాయే అనుకున్నాను, అంత నిండుగా ఉంది ఊపిరి. స్తంభం పక్కన, కోటు మీద కోటు వేసుకుని, వేలికొసలు కత్తిరించిన చేతితొడుగులతో శాక్సఫోన్ వాయిస్తోంది మా ట్రైనింగు పిల్ల. ఇంట్లో వాయిస్తే పక్కవాటాల వాళ్ళు గోడలు బాదుతారట. ఇక్కడైతే సిమెంటు గోడలు తన పాటని తనకే తిరిగి ఇస్తాయట. నన్ను చూసి కంగారుపడి, "సార్‌కి చెప్పకండి" అంది. తరవాత తెలిసింది, ఊళ్ళో క్లబ్బులవాళ్ళు ఆడపిల్ల ఆ వాద్యం వాయించడమేమిటని ఒక్కరూ పిలవలేదని, వేసవిలో ట్రైనింగు కాగానే అది మూలన పడేసి ఉద్యోగమే చూసుకుందామనుకుంటోందని.

అంతలో సంఘానికి చిక్కొచ్చి పడింది. ఏటా మే నెలలో లైబ్రరీ హాల్లో ఒక కచేరీ పెట్టడం ఆనవాయితీ. ఆ ఏడు రావలసిన ముసలి పియానో విద్వాంసుడు జబ్బుపడ్డాడు. మాస్టారు కుర్రవాళ్ళని పిలుద్దామన్నారు. కచేరీ మానేద్దాం కాని ఆ పని మాత్రం వద్దన్నాడు పెద్దాయన. ఈసారి కచేరీ లేకపోతే మనుషులు పల్చబడిన మా సంఘానికి ఇచ్చిన గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని లైబ్రరీవాళ్ళు అప్పటికే మర్యాదగా చెప్పి ఉన్నారు. ఏడాదిలో మొదటిసారి నేను నోరు విప్పి, నాకో అమ్మాయి తెలుసన్నాను. పెద్దాయన వయసు అడిగాడు. చెప్పాను. ఆ మాట అక్కడే వదిలేసి ఇంకో రికార్డు పెట్టాడు.

మాస్టారూ నేనూ ఆ సాయంత్రం లైబ్రరీ మెట్ల మీదే ఒక ఉపాయం ఆలోచించాం. అమ్మాయి వాయించింది రికార్డు చేసి, ఎవరికీ దొరకని పాతకాలపు రికార్డని చెప్పి పెద్దాయనకి వినిపిస్తే? మావారు భజనలు రికార్డు చెయ్యడానికని ఇష్టపడి కొనుక్కున్న జపాన్ క్యాసెట్ డెక్ ఒకటి ఇంట్లో ఉంది. దాని మీద నన్ను చెయ్యి కూడా వెయ్యనిచ్చేవారు కాదు. విషయం చెప్పగానే ఎగిరి గంతేసి, "లెవెల్ నేనే సెట్ చేస్తాను, నువ్వు వైర్లు పట్టుకో చాలు" అన్నారు. ఆదివారం పొద్దున్నే గరాజు ఖాళీగా ఉంటుందని అక్కడే పెట్టుకున్నాం. అమ్మాయి ఒక నిదానమైన పాట ఎత్తుకుంది. సరిగ్గా మధ్యలో ఎవరో రోగిని చూడడానికి వచ్చినవాళ్ళు కింది అంతస్తులో కారు ఆపి తలుపు ధనామని వేశారు. మావారు తల పట్టుకున్నారు. అమ్మాయి మాత్రం ఆపలేదు. ఆ చప్పుడు సద్దుమణిగేదాకా ఒక్క క్షణం ఊరుకుని, అది కూడా పాటలోదే అన్నట్టు అక్కడి నుంచే అందుకుంది. మళ్ళీ వాయించమంటే, ఇంత బాగా మళ్ళీ రాదంది.

ఆ శనివారం మాస్టారు గొంతు సవరించుకుని, ఇది నలభైల నాటిదని, ఎవరో దాచుకున్న రికార్డుకి నకలని చెప్పి క్యాసెట్ పెట్టారు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. పాట సాగింది. తలుపు చప్పుడు వచ్చింది. ఆయన కళ్ళు తెరవకుండానే, "మాస్టారూ, నలభైల్లో కారు తలుపు ఇలా రేకుడబ్బాలా మోగేది కాదు" అన్నాడు. "పైగా ఇది మా ఆసుపత్రి గరాజు. ఇన్నేళ్ళుగా కారు పెట్టుకుంటున్నాను, దాని గోడల మోత నాకు తెలియదా?"

మాస్టారు మొహం కందగడ్డలా అయింది. నేను లేచి, ఆలోచన నాదని చెప్పబోయాను. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. పాట పూర్తిగా అయ్యేదాకా విన్నాడు. చివరికి, "మళ్ళీ పెట్టండి" అన్నాడు.

రెండోసారి వింటున్నప్పుడు ఆయన వేళ్ళు కుర్చీ చేతి మీద మెల్లగా కదలడం చూశాను. అయ్యాక నా వైపు తిరిగి, "మన ట్రైనింగు పిల్లేనా? రోజూ లంచ్ నుంచి ఆలస్యంగా వచ్చేది ఇందుకా?" అన్నాడు. తలూపాను. "మరి నాకు చెప్పదేం? నేను తిట్టినంతసేపూ బస్సు దొరకలేదంటుందే!" అన్నాడు. గది గొల్లుమంది. ఈసారి ఆయన కూడా నవ్వాడు.

అయితే అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. క్యాసెట్‌లో ఏమైనా దాచుకోవచ్చు, మనిషిని ఎదురుగా వినాలన్నాడు. మరుసటి శనివారం అమ్మాయిని తీసుకువెళ్ళాను. జంకుతూ వచ్చిన పిల్ల, పెద్దాయన తన కాలపు విద్వాంసుల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, వాళ్ళు బతుకు చూసి వాయించారు, నువ్వింకా ఏం చూశావని అడిగేసరికి ఎక్కడ తెచ్చుకుందో ధైర్యం, "సార్, మీరు చెప్పినవాళ్ళంతా ఆ రికార్డులు చేసింది నా వయసులోనే కదా" అంది. మాస్టారు ఆనందం పట్టలేక బల్ల చరిచారు. "వాయించమ్మా" అన్నాడు పెద్దాయన, మొదటిసారి మెత్తగా.

మే నెలలో కచేరీ జరిగింది. ఆ వేళ వాన పడుతున్నా హాలు నిండిపోయింది. అమ్మాయి వాళ్ళ చర్చి ఆడవాళ్ళు పెద్ద పెద్ద టోపీలతో రెండు వరసలు ఆక్రమించారు. మా ల్యాబు సగం అక్కడే ఉంది. నేను పెళ్ళినాటి వెంకటగిరి చీర కట్టుకున్నాను. మావారు మైకులు అమర్చుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇంట్లో ఎన్నడూ లేనంత గంభీరంగా కూర్చున్నారు. పియానో, బాస్, డ్రమ్స్ వాయించేవాళ్ళు ముగ్గురూ అమ్మాయి ఈడువాళ్ళే. పెద్దాయనే వేదికెక్కి ఆమెని పరిచయం చేశాడు. మొదటి పాట వేగంగా, కాస్త బెదురుగా నడిచింది. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. రెండోది నిదానమైనది. సగంలో అమ్మాయి ఒక స్వరం మీద నిలిచి, వదిలేసి, ఆగిపోయింది. మరిచిపోయిందేమోనని కుర్చీ అంచుకి జరిగాను. ముందు వరసలోంచి పెద్దాయన గొంతు, ఆ కొలిచి మాట్లాడే మనిషి గొంతేనా అది, గట్టిగా వినిపించింది: "తొందరేం లేదు తల్లీ, తీరిగ్గా!" చర్చి ఆడవాళ్ళూ అదే మాట అందుకున్నారు. అమ్మాయి చిరునవ్వుతో తల వంచి, ఊపిరి తీసుకుని, ఆ నిశ్శబ్దంలోంచి పాటని పైకి లేపింది. నేనే వాయించినంత గర్వం కలిగింది నాకు. ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు, తెలుగులోనే "శభాష్!" అని అరిచాను. ఆ రికార్డింగులో అది నిక్షేపంగా వినపడుతుంది. మావారు చాలాకాలం దాన్ని వచ్చినవాళ్ళందరికీ ప్రత్యేకంగా వినిపించి నన్ను ఏడిపించేవారు.

లైబ్రరీవాళ్ళు మళ్ళీ గది మాట ఎత్తలేదు. ఆ వేసవి నుంచి మడతకుర్చీలు చాలక కుర్రవాళ్ళు నేల మీద కూర్చునేవాళ్ళు. అమ్మాయి ట్రైనింగు పూర్తిచేసింది, ఆసుపత్రిలోనే చేరింది, శాక్సఫోన్ మాత్రం మూలన పెట్టలేదు. క్లబ్బులవాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు. కొన్నేళ్ళకి న్యూయార్క్ వెళ్ళి తన పేరుతో రికార్డు తెచ్చింది. అది సంఘంలో పెట్టిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. విన్నాక మాస్టారు పెదవి విరిచి, "మరీ శుభ్రంగా ఉంది, మన గరాజు క్యాసెట్టే నయం" అన్నారు. అప్పటికి రిటైరైపోయిన మా పెద్దాయన చేతికర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. "అమ్మాయి ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతోంది, నీకింకేం కావాలయ్యా?" అని కోప్పడ్డాడు. ఎవరు ఏ పక్షమో మరిచిపోయి ఆ మధ్యాహ్నమంతా దెబ్బలాడుకున్నారు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఆ అమ్మాయీ తల నెరిసి ఎక్కడో పిల్లలకి పాఠాలు చెబుతోంది. మేము కూతురి దగ్గరికి టెక్సస్ వచ్చేశాం. అప్పట్లో ఊరంతా గాలించినా దొరకని రికార్డులు ఇవాళ వంటింట్లో నిలబడి పేరు చెబితే చాలు, పాడతాయి. ఎవరి రికార్డింగు మంచిదో, ఏ కుర్రవాడికి ఎంత వచ్చో అన్న చర్చ కూడా ఎక్కడెక్కడివాళ్ళో ఫోనులో రాసుకుంటున్నారు. నేనూ చదువుతుంటాను, బాగానే రాస్తారు. కాని ఒకటుంది. సమావేశం అయ్యాక లైబ్రరీ మెట్లెక్కుతూ పెద్దాయన అందరినీ వరసగా, "ఈ వారం ఏం విన్నావు?" అని అడిగేవాడు. నచ్చిందా అని కాదు, ఏం విన్నావని. చెప్పిన జవాబుకి కార్లదాకా, ఒక్కోసారి కార్ల దగ్గర మంచులో నిలబడి కూడా, మనమే పూచీ పడి వాదించవలసి వచ్చేది. ఈ మధ్య ఏదైనా పాట నన్ను పట్టి కుదిపేసినప్పుడు, అది అయిపోగానే చెవిలో ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, "కాదు, నువ్వు సరిగ్గా వినలేదు" అనే మనిషి కోసం గది చుట్టూ చూస్తాను.