గడియారం మేడలో లేని తలుపు

ఆ ఆదివారం మధ్యాహ్నం గడియారం మేడ ఏడో అంతస్తులో, ఎడమ గోడకి, ఉండకూడని చోట ఒక తలుపు ఉంది.

ట్రేసరమ్మ దాన్ని చూసి కొయ్యబారిపోయింది. కంట్రోలర్ మీద బొటనవేలు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. తెర మీద గొడుగు పట్టుకున్న ఉడుత, నడిపేవాళ్లు లేకపోయేసరికి, విసుగ్గా తోక ఊపుతూ నిలబడింది. తలుపు చిన్నది. పైన విల్లులా వంపు, రెండు ఇటుకల వెడల్పు, మూడు ఇటుకల ఎత్తు. ఆమె కొలవనక్కరలేదు. పదకొండేళ్ల కిందట ఆ తలుపు గీసింది ఆమే. తెలిసి తెలిసి గీసిన అబద్ధం అది.

"ఏమైంది, అలా అయిపోయావు?" అన్నాడు భర్త. ఆయన ఆసుపత్రిలో నర్సు. మనిషి మొహంలో రంగు మారితే చప్పున పట్టేస్తాడు.

"ఇది ఆటలో లేదండీ."

"ఆటలోనే కదా కనిపిస్తోంది."

"అదే నేను చెప్పేది. ఇది ఆటలో లేదు."

ఆయన తడిగుడ్డలు మంచం మీద పడేసి వచ్చి నాడి పట్టుకున్నాడు. నిజంగానే పట్టుకుని, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాడట.

ఆమె నాకు ఎదురు బల్ల. మాది నీటి సరఫరా కార్యాలయంలో పటాల గది. ఏ వీధి కింద ఏ గొట్టం పోతోందో గీసి ఉంచడం ఆమె పని. కింద దీపం వెలిగే గాజు బల్ల మీద పాత పటం పరిచి, దాని మీద పల్చటి ట్రేసింగ్ కాగితం వేసి, సిరా కలంతో గీత మీద గీత దించుతుంది. తప్పు పడితే బ్లేడు అంచుతో సిరాని గీకేస్తుంది, కాగితానికి తెలియకుండా. అందుకే ఆఫీసులో అందరికీ ఆమె ట్రేసరమ్మ. ఆమె కథంతా నాకు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునే వేళల్లో ముక్కలు ముక్కలుగా తెలిసింది.

చిన్నప్పుడు ఆమె, వాళ్ల అన్నయ్య కలిసి ఆడిన వీడియో గేమ్ అది. తుఫానుకి గూడు ఎగిరిపోయిన ఉడుత ఒకటి, గొడుగు పట్టుకుని మెట్ల మీంచి గోడల మీదికి, గోడల మీంచి చూరుల మీదికి దూకుతూ గూడు వెతుక్కుంటుంది. గాలి వస్తే గొడుగు విప్పి తేలుతుంది. ఉడుతకి గూడు దొరకదు, ఆట తయారుచేసినవాళ్లు ఇంకో ఆట తీస్తారు. అలా అయిదు వచ్చాయి. ఆ తర్వాత లోకం ఉడుతని మరిచిపోయింది. ఈమె మరవలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు ఆలోచన వచ్చింది. ఊరికింద గొట్టాలకి పటం ఉన్నప్పుడు, ఉడుత నడిచిన దారికి ఎందుకు ఉండకూడదు? టీవీలో ఆటని ఆపి, వెచ్చటి గాజు తెర మీద ట్రేసింగ్ కాగితం అంటించి, ఒక్కో తెరా గీసుకుంది. ఆ కాగితాలు వరసగా అతికిస్తే ఒక్కో లెవెల్ వరండా పొడుగు వచ్చేది. వాటిని పెట్టడానికి వెబ్‌సైట్ కావాలి. ఎవరినీ అడగలేదు. గ్రంథాలయం నుంచి పుస్తకం తెచ్చుకుని, ఇరవై రెండుసార్లు గడువు పొడిగించుకుని నేర్చుకుంది. ఇరవై మూడోసారి గ్రంథపాలకురాలు, "ఇది మీరే ఉంచేసుకోండమ్మా, ఎవరూ అడగట్లేదు" అందట.

పద్దెనిమిదేళ్లలో 'ఉడుత పటాలు' సైటు నాలుగు వందల పన్నెండు పటాలయింది. ఉడుత మామూలుగా ఎన్ని ఇటుకల ఎత్తు ఎగురుతుందో, తడి నేల మీద ఎంత తగ్గుతుందో, ఏ కాకి ఎన్ని సెకన్లకి వెనక్కి తిరుగుతుందో, అన్నీ ఉన్నాయి. ఎక్కడెక్కడివాళ్లో ఆడుతూ ఆడుతూ వాదనకి దిగితే, "ట్రేసరమ్మ పటం చూడు" అనేవాళ్లు. వాదన అక్కడితో సరి.

మరి అలాంటి మనిషి అబద్ధం ఎందుకు గీసింది?

ఒకడు ఆమె పటాలన్నీ ఎత్తుకుపోయి తన పేరుతో పెట్టుకున్నాడు. అడిగితే, "నేనూ అదే ఆట చూసి గీశాను, రెండూ ఒకేలా ఉండవా మరి?" అన్నాడు. ఆమెకు పని నేర్పిన పెద్ద మాస్టారు ఒకప్పుడు ఊరి పటాలు అచ్చువేసే చోట పనిచేశాడు. వాళ్లు ప్రతి పటంలో లేని సందు ఒకటి గీసేవాళ్లట. ఇంకొకడి పటంలో ఆ సందు కనిపించిందా, దొంగ దొరికినట్టే. "గొట్టాల పటంలో మాత్రం ఆ పని చేయకమ్మా, ఎవడో నమ్మి గొయ్యి తవ్వుతాడు" అని కూడా చెప్పాడు. ఈమె మొదటి మాట తీసుకుంది. మూడో ఆటలో గడియారం మేడ, ఏడో అంతస్తు, ఎవరూ తిరిగి చూడని ఎడమ గోడకి చిన్న తలుపు పెట్టింది. మూడు నెలల్లో దొంగ పటంలోనూ తలుపు వచ్చింది. ఆ తలుపు అసలు ఆటలో లేదని వాడొక్కడికే ఆమె ఒక్క వాక్యం రాసింది. వాడు సైటే మూసేసుకుని పోయాడు.

తలుపుని మాత్రం ఆమె తీయలేదు. ఇంకొకడు రాడని ఏముంది అనుకుంది.

వచ్చింది దొంగ కాదు. ఆట అసలు యజమానులే. పాత అయిదు ఆటలనీ కొత్త బొమ్మలతో, కొత్త రంగులతో మళ్లీ తయారుచేసి విడుదల చేశారు. ఆ తలుపుతో సహా.

ఆమె మొదట అన్నయ్యకి ఫోన్ చేసింది. ఆయనకి కళ్లజోళ్ల దుకాణం ఉంది.

"ఒరే అన్నయ్యా, గడియారం మేడలో ఎడమవైపు తలుపు గుర్తుందా నీకు?"

"ఎందుకు లేదు? ఏడో అంతస్తు."

"అక్కడ తలుపు లేదురా."

"లేకపోవడమేంటే, కాకి తరుముకొస్తే నేను దూరేది అందులోకే. నాన్న అన్నానికి పిలిస్తే ఉడుతని ఆ గదిలో పెట్టి లేచేవాణ్ణి. నువ్వు చిన్నదానివి, నీకేం గుర్తుంటుంది."

"నేను గీశానురా దాన్ని. ఉత్తుత్తినే గీశాను."

"నీకు నిద్ర చాలట్లేదు. ఓసారి దుకాణానికి రా, కళ్లు కూడా చూస్తాను."

ఫోన్ పెట్టి సైటు తెరిచింది. పాఠకులు రాసుకునే పుటలో అప్పటికే తలుపు గురించి పండగ నడుస్తోంది. 'మా చిన్నప్పటి తలుపు అలాగే ఉంచారు, కళ్లనీళ్లొచ్చాయి' అని ఒకావిడ. 'పాత ఆటలో లోపల నీలంగా ఉండేది, ఇప్పుడు పసుపు చేశారు, అన్యాయం' అని ఒకాయన. చదువుతుంటే ఆమెకు దిమ్మ తిరిగింది. ఇంతమంది చూసిన తలుపు లేదంటోంది తనొక్కతే. గీసింది తనేనన్న సంగతి కూడా ఒకవేళ తను కల్పించుకున్నదేమో.

"ఆ క్షణం భయమేసింది సుమా" అంది నాతో, చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని. "అబద్ధం బయటపడుతుందని కాదు. నా బుర్ర నాది కాదేమోనని."

అటక మీంచి పాత గేమ్ మిషను దింపించింది. క్యాసెట్ నోట్లోకి ఊదింది. దాని వైర్లు కొత్త టీవీ వెనక ఎక్కడ పడతాయో వెతకడానికే భర్తకి అరగంట పట్టింది. పాత ఆటలో మధ్యలో ఆపి దాచుకునే వీలు లేదు, మొదటి నుంచీ ఆడుకుంటూ రావాలి. రెండు గంటలు పట్టింది గడియారం మేడకి. ఏడో అంతస్తులో ఎడమకి తిరిగింది.

గోడ. ఇటుక మీద ఇటుక. ఉడుతని తీసుకెళ్లి గోడకి కొట్టింది. ఉడుత తల పట్టుకుని వెనక్కి పడింది. పద్నాలుగుసార్లు కొట్టించిందట. భర్త, "ఇంక చాలు, దానికీ ప్రాణమే కదా" అని చేతిలోంచి తీసుకునేదాకా.

బుధవారం దుకాణం కట్టేసి అన్నయ్య వచ్చాడు. గోడ చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇది నకిలీ క్యాసెట్టే."

"మనదే. ఈ మూల చూడు, నీ పంటి గాటు."

క్యాసెట్ అటూ ఇటూ తిప్పాడు. గాటు మీద వేలు పెట్టి చూశాడు. మొహం పాలిపోయింది.

"మరి నేను దాక్కుంది ఎక్కడే?"

"ఊరందరికీ చూపు సరిచేస్తావు కదా, నువ్వే చెప్పు" అందామనుకుందట. ఆయన మొహం చూసి మానుకుంది.

ఆ రెండు రోజులూ ఆఫీసులో ఆమె గీసిన గీత గీకడం, గీకింది గీయడం. చెబితే పద్దెనిమిదేళ్ల నమ్మకం ఒక్క పూటలో పోతుంది. చెప్పకపోతే లేని తలుపు ఉన్నదైపోతుంది, అదీ తన పటం సాక్ష్యంతో.

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాను నేను.

"ఆ గోడకి తెలుసుగా" అంది.

శుక్రవారం పొద్దున్న ఆఫీసుకి రాకముందే సైటు మొదటి పుటలో నాలుగు వాక్యాలు పెట్టింది. గడియారం మేడ తలుపు నేను గీసింది. పాత ఆటలో అది లేదు. దొంగని పట్టడానికి పెట్టాను, తీయకపోవడం నా తప్పు. నా మీద నమ్మకంతో దాన్ని చూశామనుకున్నవాళ్లందరికీ క్షమాపణ.

తిట్లు వస్తాయని సిద్ధపడింది. వచ్చినవి వేరు. 'ట్రేసరమ్మగారికి వయసు మీద పడుతున్నట్టుంది, తలుపు ఉండేది' అని. 'ఎవరో మీ సైటులోకి చొరబడి ఇది రాశారు, జాగ్రత్త' అని. పద్దెనిమిదేళ్లలో ఆమె మాటని జనం కాదనడం ఇదే మొదలు, ఆమె నిజం చెప్పిన రోజున. గోడ వీడియో పెట్టాక వాళ్లు మెత్తబడ్డారు. అప్పుడు ఇంకో రకం వాళ్లు లేచారు. ఒక్క అబద్ధం ఉంటే ఇంకెన్ని ఉన్నాయో అని, తలో పది పటాలు పంచుకుని, పాత క్యాసెట్లు పెట్టుకుని ఇటుక ఇటుకా సరిచూడటం మొదలుపెట్టారు.

అయిదు వారాలు పట్టింది. రెండు తప్పులు దొరికాయి. మొదటి ఆటలో ఒక ఇటుక ఎక్కువ, నాలుగో ఆటలో ఒక నిచ్చెనకి ఒక మెట్టు తక్కువ. ఆ రెండూ ఆమెకు తెలియని తప్పులు. తలుపు సంగతి బయటపెట్టినప్పటికంటే ఆ నిచ్చెన మెట్టు దగ్గర ఆమె ఎక్కువ కుంగిపోయింది. "తెలిసి చేసింది నేను చేశాను. ఇది ఎవరు చేశారు?" అని అడిగింది నన్ను, నిజంగా జవాబు కావాలన్నట్టు. రెండూ దిద్ది, కనిపెట్టినవాళ్ల పేర్లు పక్కన రాసింది. గడియారం మేడ పటంలో తలుపుని చెరిపేసింది.

వాదులాడుకున్నవాళ్లు ఆ సంగతి మరిచిపోయే సమయానికి ఉత్తరం వచ్చింది. కొత్త ఆటకి గడియారం మేడ బొమ్మలు వేసినతను రాశాడు. పాత ఫైళ్లు నేలమాళిగలోకి నీళ్లొచ్చి పోయాయట. ఆడి చూసి గీసుకునే వ్యవధి లేక ఆమె పటాలు తీసుకున్నారు. 'మొదట పది లెవెళ్లు అసలు ఆటతో పోల్చి చూశాం. ఒక్క ఇటుక తేడా లేదు. అందుకని ఆ తర్వాత పోల్చడం మానేశాం. మిమ్మల్ని అడగనందుకు, మీ పేరు వేయనందుకు సిగ్గుపడుతున్నాం.' ఆటకి చేసే తర్వాతి దిద్దుబాటులో ఆమె పేరు వేస్తారు. తలుపు ఉంచాలో తీయాలో మాత్రం ఆమె చెప్పాలి. చివర ఇంకో నాలుగు వాక్యాలు. 'మీ పటంలో లోపల ఏముందో లేదు. ఏదో ఒకటి వేయమన్నారు. మా అమ్మమ్మ వంటగది వేశాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు.'

అప్పటిదాకా ఆమె కొత్త ఆటలో ఆ తలుపు తెరిచి లోపలికి వెళ్లలేదు. చూస్తే ఒళ్లు మండేదట.

ఉత్తరం కాగితం మీద అచ్చు తీసి పక్కన పెట్టుకుని, కొత్త ఆటలో ఉడుతని లోపలికి నడిపింది. చిన్న గది. పసుపు వెలుతురు. ఒక కుర్చీ, విరిగిన కాలికి కట్టు కట్టింది. కిటికీలో ఎండబెట్టిన గుడ్డ. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె. ఉడుత కుర్చీ ఎక్కితే గొడుగు దానంతటదే ముడుచుకుంది. కాకి లోపలికి రాలేదు.

అన్నయ్య పక్కనే కూర్చుని ఉన్నాడు. "ఇదేనే" అన్నాడు మెల్లగా. ఆమె ఈసారి కాదనలేదు.

మర్నాడు జవాబు రాసింది. పాత ఆటలో తలుపు లేదు, నా పటంలోనూ తీసేశాను. మీ ఆటలో ఉంది, మీరు కట్టారు కాబట్టి ఉంది. ఉన్నదాన్ని తీసేయమనడానికి నేనెవరిని. కొత్త ఆటకి వేరుగా పటాలు గీస్తున్నాను. ఆ గది ఆరు ఇటుకల వెడల్పు, నాలుగు ఇటుకల ఎత్తు, సరిచూడగలరు. పటం పక్కన వివరం రాయాలి, ఆ గిన్నెలో ఏముంది?

అతని జవాబు రెండు రోజుల్లో వచ్చింది. 'మూత కింద ఏమీ వేయలేదు. మీకు ఏది తోస్తే అది రాయండి, అదే ఖాయం చేస్తాం.'

ఆఫీసులో అది చదివి ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. "మళ్లీ నేను రాసిందే ఉన్నదైపోతుందన్నమాట" అంది. నీళ్ల సీసా అందించాను. తాగి, కూర్చుని, కలం సిరాలో ముంచి, చిన్న అక్షరాలతో పటం అంచున రాసింది. 'పొయ్యి మీద గిన్నె, మూతతో. లోపల ఏముందో తెలియదు.'